వకీలు జవాబు దావా వేయకపోవడంతో నాన్న మీద ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చింది. ఆ వకీలు మీద నష్టపరిహారం కేసు వేయొచ్చా?

వరికంకి
మా నాన్నకు 71 ఏళ్లు. 2019 మార్చిలో తెలిసినాయన దగ్గర ప్రామిసరీ నోటు మీద 5 లక్షలు తీసుకున్నారు. అందులో మూడున్నర లక్షలు విడతలుగా బ్యాంకు ద్వారా తిరిగి కట్టారు, పాస్‌బుక్‌లో ఎంట్రీలన్నీ ఉన్నాయి. నోటు వెనక మాత్రం చెల్లు రాయించుకోలేదు. నమ్మకం. 2023 జూలైలో ఆయన మొత్తం 5 లక్షలకూ వడ్డీ కలిపి దావా వేశాడు. సమన్లు రాగానే వకీలును పెట్టుకున్నాం. వకాల్తా మీద సంతకం చేయించుకుని, ఫీజు తీసుకుని, పాస్‌బుక్ జిరాక్సులు కూడా తీసుకుని, "పెద్దవారు, మీరు కోర్టుకు రానక్కర్లేదు, అవసరమైతే నేనే పిలుస్తా" అన్నారు.

అప్పటి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "నడుస్తోంది" అనే చెప్పారు. మొన్న సోమవారం కోర్టు నుంచి ఇంటి జప్తు నోటీసు వచ్చింది. విచారిస్తే 2024 జూన్‌లోనే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే మా వైపు ఎవరూ లేకుండానే తీర్పు, అయిపోయింది. అసలు జవాబు దావాయే వేయలేదు. ఖర్చులతో కలిపి 9 లక్షలు దాటింది. నాన్న మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

ఇది వకీలు తప్పు కాదా? ఆ డబ్బు ఆయన దగ్గర రాబట్టడానికి దారి ఉందా?

మూడోవాయిదా
కన్జ్యూమర్ ఫోరంలో వేయండి. ఫీజు తీసుకుని పని చేయకపోవడం అంటే సేవాలోపమే. మా కజిన్ ఒకరు అలాగే వేశారు, వకీలు అవసరం కూడా లేదు, మనమే వాదించుకోవచ్చు.

నల్లకోటు_22ఏళ్లు
మీ కజిన్ ఎప్పుడు వేశారో కానీ ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. 2007లో జాతీయ వినియోగదారుల కమిషన్ వకీళ్లు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తారని చెప్పింది. ఆ తీర్పును సుప్రీంకోర్టు 2024 మే 14న కొట్టేసింది. బార్ ఆఫ్ ఇండియన్ లాయర్స్ వర్సెస్ డి.కె. గాంధీ కేసు. వకీలు పని క్లయింట్ ఆదేశాల ప్రకారం నడిచే వ్యక్తిగత సేవా ఒప్పందం, కాబట్టి చట్టంలోని 'సేవ' నిర్వచనంలోకి రాదని చెప్పింది. వరికంకి గారూ, అక్కడ వేసి నెలలు వృథా చేసుకోకండి.

చింతచెట్టునీడ
ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు. 1995 నుంచి డాక్టర్లను కన్జ్యూమర్ కోర్టుకు లాగుతున్నాం. ఆపరేషన్‌లో పొరపాటు చేస్తే డాక్టరు పరిహారం కట్టాలి, దావాలో కాగితం వేయని వకీలు మాత్రం కట్టక్కర్లేదా? నల్లకోటు గారూ, మీరు వకీలు కాబట్టి ఆ తీర్పు మీకు బాగానే ఉంటుంది.

నల్లకోటు_22ఏళ్లు
కట్టక్కర్లేదని ఆ తీర్పు చెప్పలేదండి. ఆ ఫోరంలో కాదని మాత్రమే చెప్పింది. మామూలు సివిల్ కోర్టులో నష్టపరిహారం దావా వేసుకునే హక్కు అలాగే ఉంది. వకీలు అయినంత మాత్రాన నిర్లక్ష్యం దావా నుంచి మినహాయింపు ఉండదని 1926 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ ఫీజుల చట్టంలోనే రాసి ఉంది. దారి పొడవైంది, ఖర్చుతో కూడింది. ఆ విషయంలో మీ కోపం న్యాయమే. నేను వకీలునే అయినా, ఫీజు తీసుకుని జవాబు దావా వేయనివారిని వెనకేసుకురాను.

పాతసైకిల్
నాదీ ఒక గోడు. తొమ్మిదేళ్లు గట్టు తగాదా నడిచి ఓడిపోయాను. మా సర్వేయర్‌ను సాక్షిగా పిలవమని మా వకీలుకు వంద సార్లు చెప్పాను, పిలవలేదు. జడ్జిమెంటులో "కొలతలకు స్వతంత్ర సాక్ష్యం లేదు" అని రాశారు. నేను కూడా ఆయన మీద వేయొచ్చా?

నల్లకోటు_22ఏళ్లు
@పాతసైకిల్ ఆ సర్వేయర్‌ను పిలవకపోవడానికి ఆయన ఏ కారణం చెప్పారు?

పాతసైకిల్
క్రాస్‌లో, అంటే ఎదురు ప్రశ్నల్లో, అవతలివాళ్లు ఆయనతో మనకు వ్యతిరేకంగా చెప్పిస్తారని అన్నారు. పాత సర్వేలో ఆయన సంతకమే వేరే కొలతల కింద ఉందట.

నల్లకోటు_22ఏళ్లు
అయితే అది నిర్లక్ష్యం కిందికి రావడం చాలా కష్టం. ఆలోచించి తీసుకున్న నిర్ణయం అది. ఫలితం వ్యతిరేకంగా వచ్చిందంతే. సాక్షిని పిలవాలా వద్దా, ఏ పాయింటు ముందు వాదించాలి, ఇలాంటివి వకీలు విచక్షణకు వదిలేస్తారు. కేసు ఓడిపోవడమే లోపం అనుకుంటే ప్రతి కేసులోనూ ఒక వకీలు దోషి అవుతాడని, అలా కుదరదని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వరికంకి గారి నాన్నగారిది వేరు. అక్కడ ఆలోచన ఏమీ లేదు. వేయాల్సిన కాగితం వేయలేదు, వెళ్లాల్సిన వాయిదాకు వెళ్లలేదు, జరిగింది చెప్పలేదు.

పాతసైకిల్
తొమ్మిదేళ్లు పోయిన మనిషికి ఈ తేడా వినడం కష్టంగా ఉందండి. అర్థమైంది. కానీ కష్టంగా ఉంది.

దూరతీరం
నేను అమెరికాలో ఒక లా ఆఫీసులో పారాలీగల్‌గా, అంటే వకీళ్లకు సహాయకురాలిగా/సహాయకుడిగా ఉండే పనిలో, చేస్తాను. ఇక్కడ ఇలాంటి కేసుల్లో అందరూ తడబడేది ఒకే చోట. వకీలు తప్పు చేశాడని నిరూపించడం సగమే. ఆ తప్పు జరగకపోతే అసలు కేసు నువ్వు గెలిచేవాడివని కూడా నిరూపించాలి. కేసు లోపల ఇంకో కేసు అంటారు. వకీలు గడువు దాటించినా, నీ పాత కేసులో బలం లేకపోతే నీకు నష్టం జరగలేదనే అంటారు. పైగా వకీలుకు ఇన్సూరెన్స్ ఉందా అన్నది కూడా చూస్తారు. ఒరెగాన్ లాంటి ఒకటి రెండు రాష్ట్రాల్లోనే అది తప్పనిసరి, మిగతాచోట్ల లేనివాళ్లు కూడా ఉంటారు. గెలిచినా వసూలు చేసుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

లెక్కలమాస్టారు
దూరతీరం గారు చెప్పింది ఈ కేసుకు పెట్టి చూద్దాం అమ్మా. తీసుకున్నది 5 లక్షలు, కట్టింది మూడున్నర. అంటే వకీలు అన్నీ సరిగ్గా చేసినా మిగిలిన అసలు, దాని వడ్డీ నాన్నగారు కట్టాల్సిందే. ఆ ముక్కను వకీలు మీద వేయలేరు. కట్టేసిన మూడున్నరకూ దాని వడ్డీకీ మళ్లీ డిక్రీ పడింది చూడండి, అదీ వకీలు వల్ల వచ్చిన నష్టం. దాని మీద కొత్త వకీలు ఫీజు, కోర్టు ఖర్చులు. 9 లక్షలూ ఆయనే కట్టాలని అడిగితే మొదటి రోజే మీ మాటకు విలువ తగ్గిపోతుంది.

ఇంకో అనుమానం. నోటు 2019 మార్చి అంటున్నారు. దావా 2023 జూలై. ప్రామిసరీ నోటుకు గడువు మూడేళ్లే కదా? అసలు దావాయే కాలదోషం పట్టిందేమో! అలా అయితే పైసా కట్టక్కర్లేదు, వకీలు తప్పు ఇంకా పెద్దదవుతుంది.

కొత్తవకాల్తా
@లెక్కలమాస్టారు లేదు సార్. కోవిడ్ సమయంలో సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 వరకు ఉన్న కాలాన్ని లిమిటేషన్ (దావా గడువు) లెక్కలోంచి తీసేసింది. నోటు రాసినప్పటి నుంచి 2020 మార్చి 15 నాటికి సుమారు ఏడాది అయింది. మిగిలిన రెండేళ్లూ 2022 మార్చి 1 నుంచి మళ్లీ మొదలయ్యాయి. 2023 జూలై గడువు లోపలే ఉంది. ఈ పాయింటు మీద ఆశ పెట్టుకోవద్దు.

నేను జూనియర్ని, ప్రాక్టీసు మొదలుపెట్టి నాలుగేళ్లు. ఇన్ని పోస్టులు వకీలు మీద కేసు గురించి వచ్చాయి, ఇల్లు ఎలా కాపాడుకోవాలో ఎవరూ రాయలేదు. ముందు అదే చూడాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 13 కింద ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు (సెట్ ఎసైడ్) చేయమని పిటిషన్ వేయాలి. దానికి గడువు డిక్రీ తేదీ నుంచి 30 రోజులు. సమన్లు అసలు అందకపోతే తెలిసిన రోజు నుంచి లెక్క. కానీ మీకు అందాయి, వకాల్తా కూడా వేశారు. కాబట్టి దాదాపు ఏడాది ఆలస్యమైంది. లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 కింద ఆ ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్, ఈపీలో (వాళ్లు వేసిన డిక్రీ అమలు పిటిషన్‌లో) స్టే కోసం మరొకటి. ఇవన్నీ ఈ వారంలోనే పడాలి. డిక్రీ గురించి తెలిసిన తర్వాత కూడా మీరు కూర్చున్న ప్రతి రోజునూ కోర్టు అడుగుతుంది.

వరికంకి
కొత్తవకాల్తా గారూ, ఇదే విషయం అడగాలనుకుంటున్నా. నిన్న మా వకీలు దగ్గరికి వెళ్లాం. మొదట "వాయిదా మా గుమస్తా డైరీలో ఎక్కించలేదు" అన్నారు. తర్వాత "కంగారు పడకండి, ఇంకో 15 వేలు ఇవ్వండి, సెట్ ఎసైడ్ నేనే వేస్తా" అన్నారు. అఫిడవిట్ కూడా టైపు చేసి ఉంచారు. అందులో నాన్నకు పచ్చకామెర్లు వచ్చి ఏడాది పాటు మంచాన పడి వకీలును కలవలేకపోయారని ఉంది. నాన్నకు పచ్చకామెర్లు రానే లేదు. "అందరూ ఇలాగే రాస్తారు, జడ్జిగారు ఒప్పుకుంటారు" అన్నారు. రేపు సంతకం పెట్టమన్నారు.

కొత్తవకాల్తా
పెట్టించకండి. దయచేసి రేపు నాన్నగారిని అక్కడికి పంపకండి.

ఒకటి, అది ప్రమాణం చేసి చెప్పే అబద్ధం. అవతలి వకీలు క్రాస్‌లో "ఏ ఆస్పత్రి, ఏ మందులు, చీటీ ఏది" అని అడిగితే 71 ఏళ్ల మనిషి బోనులో నిలబడి ఏం చెబుతారు? ఆ ఏడాదిలో ఆయన బ్యాంకుకు వెళ్లి ఉంటారు, పెళ్లిళ్లకు వెళ్లి ఉంటారు. ఒక్క ఫోటో చాలు, పిటిషన్ కొట్టేస్తారు.

రెండోది మీ అసలు ప్రశ్నకు జవాబు. ఆ అఫిడవిట్‌లో ఆలస్యానికి కారణం ఎవరు? నాన్నగారు. వకీలు తప్పు ఒక్క అక్షరం కూడా లేదు. రేపు మీరు బార్ కౌన్సిల్‌కు వెళ్లినా, నష్టపరిహారం దావా వేసినా, ఆయన చేయాల్సిందల్లా ఆ కాగితం చూపించడమే. "వాళ్లే ప్రమాణం చేసి చెప్పారు, జబ్బు వల్ల రాలేకపోయామని." మీ కేసు అక్కడితో అయిపోతుంది.

తప్పు చేసిన వకీలే ఆ తప్పును సరిదిద్దే పిటిషన్ రాస్తే, తన పేరు అందులో రాసుకోడు. ఎంత మంచివాడైనా రాయలేడు. అందుకే ఈ పని వేరే వకీలు చేయాలి.

గుమస్తాగారబ్బాయి
మా నాన్న 35 ఏళ్లు వకీలు గుమస్తాగా చేశారు. ఆ పచ్చకామెర్ల అఫిడవిట్లు ఆయన టైప్‌రైటర్ మీదే వందలు కొట్టి ఉంటారు. పేరు, ఊరు, తేదీలు మార్చడమే. చివరి రోజుల్లో చెప్పేవారు, "ఆ కాగితాల్లో సగం మంది పార్టీలకు తాము దేని మీద సంతకం పెట్టారో తెలియదురా" అని. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

ఇంకోటి. గుమస్తా డైరీలో రాయలేదనే మాట వకీలును కాపాడదు. డైరీ ఎవరు రాసినా వకాల్తా మీద ఉన్నది వకీలు సంతకం.

ఉప్పుటేరు
నేను కొంచెం వేరేగా అంటాను, కోప్పడకండి. నేను రెండు కేసుల్లో పార్టీగా తిరిగినవాణ్ని. వకీలుదే తప్పని రాస్తే కోర్టులు అంత సులువుగా నమ్మవు. "నీ వకీలే కదా, నువ్వెందుకు కనుక్కోలేదు" అంటారు. జబ్బు కారణమైతే ఖర్చులు వేసి వదిలేస్తారు. ఇల్లు జప్తు అవుతుంటే ముందు ఇల్లు దక్కించుకోవాలి కదా. నిజం రాసి పిటిషన్ పోతే ఎవరు బాధ్యులు?

నల్లకోటు_22ఏళ్లు
@ఉప్పుటేరు మీ భయంలో అర్థం ఉంది. 1981లో రఫీక్ వర్సెస్ మున్షీలాల్ అనే కేసు వచ్చింది. అప్పీలు విచారణ రోజు వకీలు రాలేదు, హైకోర్టు అప్పీలు తేల్చేసింది. సుప్రీంకోర్టు ఏమందంటే, ఎక్కడో పల్లెలో ఉన్న పార్టీ వకీలును పెట్టుకుని, ఫీజు కట్టి, చెప్పాల్సింది చెప్పాక తన వంతు పని చేసినట్టే, వకీలు తప్పుకు అతన్ని శిక్షించకూడదు అని. అప్పీలును మళ్లీ విచారణకు పంపింది. ఈ తీర్పును ప్రతి సెట్ ఎసైడ్ పిటిషన్‌లోనూ వాడతాం.

కానీ 1993లో సలీల్ దత్తా కేసులో అదే కోర్టు దానికి హద్దు గీసింది. వకీలు మీద నెట్టేస్తే చాలు అనుకోవద్దు, ప్రతి కేసులోనూ అది వర్తించే సూత్రం కాదు అంది. అక్కడ పార్టీ నగరంలోనే ఉన్న కంపెనీ, అన్నీ తెలిసినవాళ్లు. కాబట్టి తేడా పార్టీ ఎవరు, ఎంత జాగ్రత్తగా ఉన్నారు అన్నదానిలో ఉంది. నాన్నగారు మధ్యలో ఎన్నిసార్లు కనుక్కున్నారో చూపించగలిగితే రఫీక్ వైపు నిలబడతారు. చూపించలేకపోతే ఉప్పుటేరు గారి భయమే నిజమవుతుంది.

వరికంకి గారూ, ఏం ఉన్నాయి మీ దగ్గర?

వరికంకి
ఇందాక కూర్చుని అన్నీ తీశాను. ఫీజు ఫోన్‌పేలో రెండుసార్లు పంపాం, ఆ వివరాలు ఉన్నాయి. తమ్ముడి ఫోన్‌లో వాట్సాప్ మెసేజ్‌లు ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో "సార్, నాన్న కేసు ఎంతవరకు వచ్చింది" అంటే "జవాబు వేశాం, సాక్ష్యాలకు ఉంది" అని రాశారు. డిక్రీ అయిన రెండు నెలల తర్వాత, ఆగస్టులో కూడా "నడుస్తోంది, పిలుస్తా" అనే ఉంది.

నల్లకోటు_22ఏళ్లు
ఏప్రిల్ మెసేజ్ బంగారం అండి. వేయని జవాబును వేశామని రాతపూర్వకంగా చెప్పారు. ఇక అది పొరపాటు కిందికి రాదు, దాచిపెట్టడం. ఆ ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు డిలీట్ కాకుండా చూసుకోండి. స్క్రీన్‌షాట్లు సరిపోవు, అసలు ఫోన్ ఉండాలి.

ఈరోజే కోర్టులో కాపీ అప్లికేషన్ వేసి జడ్జిమెంటు, డిక్రీ, మొదటి నుంచి ఉన్న డాకెట్ ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. ఏ వాయిదాకు ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, అంతా అందులో ఉంటుంది.

మూడోవాయిదా
కన్జ్యూమర్ కోర్టు గురించి తప్పు చెప్పినందుకు క్షమించండి వరికంకి గారూ. కజిన్‌ను అడిగాను, ఆయన వేసింది 2016లో. ఒకటి మాత్రం ఉపయోగపడొచ్చు. సి.ఎన్.ఆర్. నంబర్ అని 16 అక్షరాలది ప్రతి కేసుకూ ఉంటుంది. ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే వాయిదాలన్నీ మనమే చూసుకోవచ్చు. మా ఇంట్లో కేసుకు నేను ప్రతి ఆదివారం చూస్తాను. నా పేరు చూస్తే తెలుస్తుంది కదా ఎన్ని చూశానో!

వరికంకి
ఇంకో చిక్కు. ఫైలు ఇవ్వమంటే "బాకీ ఫీజు 20 వేలు కట్టి, తీసుకెళ్లండి" అంటున్నారు. బాకీ ఏమీ లేదు. కొత్త వకీలేమో పాత ఆయన నో అబ్జెక్షన్ కావాలంటున్నారు.

కొత్తవకాల్తా
ఫీజు బాకీ నిజంగా ఉన్నా సరే, ఫైలు పట్టుకుని కూర్చునే హక్కు వకీలుకు లేదు. 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఫీజు కోసం దావా వేసుకోవచ్చు కానీ కేసు కాగితాలు తాకట్టు వస్తువు కాదు, అడిగితే ఇవ్వకపోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని. ఆ కేసులో వకీలు ఒక బ్యాంకు ఫైళ్లు ఆపుకున్నారు. రిజిస్టర్డ్ పోస్టులో లేఖ రాయండి, ఫైలు, నో అబ్జెక్షన్ రెండూ అడగండి. ఇవ్వకపోతే కోర్టు అనుమతి తీసుకుని వకీలును మార్చుకోవచ్చు. సర్టిఫైడ్ కాపీలు ఎలాగూ వస్తాయి, ఫైలు కోసం ఆగకండి.

బ్యాంకు_రిటైర్డ్
వకీలు పొరపాటు ఎక్కడి దాకా వెళ్తుందో మా వైపు నుంచి ఒకటి చెబుతాను. గృహరుణాలకు ప్యానల్ లాయరు (బ్యాంకు తన జాబితాలో పెట్టుకున్న వకీలు) లీగల్ ఒపీనియన్ ఇస్తారు, ఆస్తి మీద హక్కు (టైటిల్) శుభ్రంగా ఉందని. నేను పనిచేసిన చోట ఒకసారి ఆ ఒపీనియన్ నమ్మి ఇచ్చిన లోను మొత్తం మునిగింది, లింకు డాక్యుమెంట్లు నకిలీవి. అందరూ "లాయర్ మీద క్రిమినల్ కేసు పెట్టాలి" అన్నారు. కానీ 2012లో సుప్రీంకోర్టు హైదరాబాద్‌కు చెందిన ఇలాంటి సీబీఐ కేసులోనే ప్యానల్ లాయరు మీద క్రిమినల్ ప్రొసీడింగ్స్ కొట్టేసింది. ఒపీనియన్ తప్పు కావడం, జాగ్రత్త లేకపోవడం మాత్రమే సరిపోదు, మిగతా మోసగాళ్లతో చేతులు కలిపాడని ఆధారం ఉండాలి అంది. నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడగొచ్చు, దుష్ప్రవర్తన అయితే బార్ కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు. జైలు మాత్రం వేరే సంగతి.

పోలీసు స్టేషన్‌కు వెళ్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే అందుకే రాశాను.

చింతచెట్టునీడ
వరికంకి గారూ, బార్ కౌన్సిల్ ఫిర్యాదు మాత్రం వదలకండి. డబ్బు రాకపోయినా ఇంకో నాన్నకు ఇలా జరగకూడదు. నల్లకోటు గారూ, మీ ముందు పోస్టుకు నేను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఫిర్యాదు ఎలా వేయాలో చెప్పండి.

నల్లకోటు_22ఏళ్లు
పరవాలేదండి.

అడ్వకేట్స్ చట్టం 1961, సెక్షన్ 35. ఆ వకీలు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యారో అక్కడ వేయాలి. తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు వేరువేరు కౌన్సిళ్లు. క్రమశిక్షణ కమిటీ మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, వకీళ్ల జాబితాలోంచి పేరు తీసేయొచ్చు. ఏడాదిలో తేల్చాలని, తేల్చకపోతే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ కావాలని సెక్షన్ 36బిలో ఉంది. కమిటీ ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో అప్పీలు. ఒకటి గుర్తుంచుకోండి, వాళ్లు మీకు నష్టపరిహారం ఇప్పించలేరు.

ఏది దుష్ప్రవర్తన అన్నదానికి రెండు పాత తీర్పులు చూడండి, ఒకటి 1983ది, రెండోది 1984ది. పాండురంగ ఖండేకర్ కేసులో, చెడు ఉద్దేశం లేకుండా ఇచ్చిన తప్పు సలహా దుష్ప్రవర్తన కాదన్నారు. వీరభద్రరావు వర్సెస్ టేక్‌చంద్ కేసులో, తన ముందు పెట్టని సంతకాన్ని అఫిడవిట్ మీద ధ్రువీకరించిన వకీలును ఐదేళ్లు సస్పెండ్ చేశారు. తెలియక చెప్పిన తప్పును వదిలేశారు, నిజం కాదని తెలిసీ చేసినదాన్ని వదల్లేదు. మీ చేతిలో ఉన్న ఏప్రిల్ మెసేజ్ రెండో వైపు పడుతుంది.

కొత్తవకాల్తా
నేను వకీళ్ల తరఫున కూడా ఒక మాట రాయాలి, మనసులో ఉంచుకోలేను. పోయిన నెల ఒక పార్టీ జవాబు దావా మీద సంతకానికి నాలుగుసార్లు పిలిస్తే రాలేదు. జవాబు వేయడానికి ఇచ్చే 30 రోజులు అయిపోయాయి, పొడిగిస్తే వచ్చే 90 రోజులు కూడా దగ్గరపడ్డాయి. నా సొంత డబ్బుతో ఊరికి వెళ్లి సంతకం పెట్టించుకొచ్చాను. రేపు ఆ కేసు పోతే ఆయన కూడా నన్నే అంటాడు. అందుకే ఇప్పుడు ప్రతి వాయిదా తర్వాత పార్టీకి మెసేజ్ పెడుతున్నాను, ఏం జరిగింది, తర్వాత ఏం కావాలి అని. మీ వకీలు అలా పెట్టకపోతే మీరే పెట్టండి. "ఈరోజు వాయిదా అన్నారు, ఏమైంది" అని రెండు ముక్కలు. నిజాయితీగా పనిచేసే వకీలుకు అది సాయమే.

ఉప్పుటేరు
దానికి తోడు వకాల్తా ఫారం చదవండి అందరూ. అచ్చు వేసిన దాంట్లో "రాజీ పడుటకు, దావా వెనక్కి తీసుకొనుటకు" అని అధికారాలు ఉంటాయి. మా బాబాయి కేసులో ఆయనకు చెప్పకుండా వకీలు రెండు గుంటలు వదులుకుంటామని మెమో వేసేశారు.

నల్లకోటు_22ఏళ్లు
క్లయింట్ హక్కును వదులుకునే మాట వకీలు అతని స్పష్టమైన ఆదేశం లేకుండా ఇవ్వకూడదని 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ సొసైటీ కేసులో ఉంది. బాబాయి గారు వెంటనే అదే కోర్టులో అభ్యంతరం పెట్టారా?

ఉప్పుటేరు
రెండేళ్ల తర్వాత తెలిసింది. ఈలోగా అవతలివాళ్లు అమ్మేశారు. అప్పుడు ఈ మాటలు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

పాతసైకిల్
ఫీజు కట్టలేనివాళ్లకు ఒక మాట. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేదు. ఫోన్ నంబర్ 15100. నా అప్పీలు ఇప్పుడు మా ఆవిడ పేరు మీద ఉన్న వాటాకు వాళ్ల ద్వారానే నడుస్తోంది. ఆ వకీలమ్మ ప్రతి వాయిదాకూ ఫోన్ చేస్తుంది.

వరికంకి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఆలస్యానికి మన్నించండి.

ఆ రాత్రి మీ పోస్టులన్నీ నాన్నకు చదివి వినిపించాను. పచ్చకామెర్ల అఫిడవిట్ మీద సంతకం పెట్టలేదు. కొత్త వకీలును పెట్టుకున్నాం. మూడు పిటిషన్లూ వేశారు. అఫిడవిట్‌లో జరిగింది జరిగినట్టు ఉంది: ఎప్పుడు ఫీజు కట్టాం, ఎప్పుడు అడిగాం, ఆయన ఏం జవాబిచ్చారు. డాకెట్ కాపీల్లో చూస్తే వరుసగా ఏడు వాయిదాలకు మా వైపు ఎవరూ లేరు. అది చదువుతుంటే నాన్న కళ్లజోడు తీసి పక్కన పెట్టేశారు.

ఈపీలో తాత్కాలిక స్టే వచ్చింది. రెండు లక్షలు కోర్టులో డిపాజిట్ చేయమన్నారు, కట్టాం. ఎలాగూ అంతకంటే ఎక్కువే బాకీ ఉంది కాబట్టి నాన్న "అది నేను ఇవ్వాల్సిందేగా" అన్నారు. అవతలివాళ్లు మా పిటిషన్లకు కౌంటరు (జవాబు) వేయడానికి టైమ్ తీసుకున్నారు.

ఫైలు రిజిస్టర్డ్ లేఖ అందిన నాలుగో రోజున వచ్చింది. పాస్‌బుక్ జిరాక్సులు మేం ఇచ్చిన కవరులోనే ఉన్నాయి. పిన్ను కూడా తీయలేదు.

లెక్కలమాస్టారు
నిజం రాసి స్టే తెచ్చుకున్నారు, చాలా సంతోషం అమ్మా. పరిహారం దావా సంగతి ఏం ఆలోచించారు?

వరికంకి
కొత్త వకీలు ఆగమన్నారు మాస్టారూ. సెట్ ఎసైడ్ అయితే నష్టం చిన్నది, ఖర్చులే. కాకపోతే పెద్దది. అది తేలాకే లెక్క వేయాలన్నారు. అలాగని మూడేళ్ల గడువు దాటనివ్వొద్దని, డిక్రీ తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టించారు. బార్ కౌన్సిల్ ఫిర్యాదు మాత్రం తయారుగా ఉంది. నాన్న ఇంకా సంతకం పెట్టలేదు. ఆ వకీలు పిల్లలు చిన్నవాళ్లని అంటున్నారు. తమ్ముడికి కోపం. నేను మధ్యలో ఉన్నాను.

చింతచెట్టునీడ
నాన్నగారిని తొందరపెట్టకండి. ఫిర్యాదు కాగితం మాత్రం చించేయకండి.

గుమస్తాగారబ్బాయి
తర్వాతి వాయిదా ఎప్పుడమ్మా?

వరికంకి
వచ్చే నెల 18. నాన్న తనే వెళ్తానంటున్నారు. సి.ఎన్.ఆర్. నంబర్ చీటీ మీద రాయించుకుని కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు.